పడిపోదు సరే, కాపురం ఉండేదెట్లా?

2024 డిసెంబరు 4వ తేదీ, బుధవారం. ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా కేంద్రంగా భూమి కంపించింది. తీవ్రత 5.3. మన ఖమ్మం జిల్లాలోనూ ఆ కుదుపు తెలిసింది. మా ఊళ్లో జనం ఎక్కడి పని అక్కడ వదిలి బజారులోకి ఉరికారు. పొయ్యి మీది పాలు పొయ్యి మీదే పొంగాయి. పళ్లు తోముకుంటున్నవారు నోట్లో వేపపుల్లతోనే బయటికి వచ్చారు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం గుర్తున్న పెద్దలు ఆనాటి సంగతులు చెప్పుకుంటూ రావిచెట్టు కింద చేరారు.

ఊరంతా బజారులో ఉంటే ఒక్క కుటుంబం మాత్రం మేడ దిగలేదు. కింద పిండి, కారం పట్టే గిర్ని. పైన రెండు గదుల ఇల్లు. అందులో ఒక ముసలామె, కొడుకు, కోడలు, బడికి పోయే ఇద్దరు పిల్లలు అద్దెకు ఉంటున్నారు. మధ్యాహ్నం పోయి అడిగాను. "ఏమవ్వా, ఊరంతా బయటికొస్తే మీరు రాలేదేం?"

"భూకంపమని మాకేం ఎరుక బిడ్డా! గిర్ని ఏసిండనుకున్నం" అన్నదామె.

అక్కడున్న నలుగురం నవ్వాం. ఆమె నవ్వలేదు. ఇంటికి వచ్చాక నాకూ నవ్వు పోయింది. భూమి కదలటానికీ, తమ ఇంటి నేల కదలటానికీ తేడా తెలియనంతగా ఆ ఇంట్లో నేల ఎన్నాళ్లనుంచి కదులుతున్నట్టు? ఆ కదలిక మీద ఆ పిల్లలు ఎట్లా చదువుతున్నట్టు, ఆ ముసలామె ఎట్లా పడుకుంటున్నట్టు? ఇది ఆ ఒక్క ఇంటి గోడు కాదు. మేడలు పెరుగుతున్న ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. అందుకే ఈ నాలుగు మాటలు.

వార్త కాదని పంపేశాను

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. భూకంపానికి చాలా ముందే ఆ ఇంటి కొడుకు నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, గిర్ని ఆడినంతసేపు ఇల్లు వణుకుతున్నది, పేపర్ల రాయరాదే" అన్నాడు. గోడలు పగిలాయా అని అడిగాను. లేదన్నాడు. పెచ్చులు ఊడి ఎవరికైనా దెబ్బ తగిలిందా అన్నాను. లేదన్నాడు. "అయితే ఏమని రాయమంటావు తమ్ముడూ?" అని పంపేశాను.

అతడు అంతకుముందే గిర్ని యజమానిని అడిగాడు. "పిల్లరుకు పిల్లరు పోసి కట్టిన బిల్డింగు, పడిపోదులే" అన్నాడాయన. పంచాయతీలో అడిగితే, అనుమతి ఉన్న కట్టడమే కదా అన్నారు. ఇల్లు కట్టిన మేస్త్రీని అడిగితే, తాను వేసిన ఇనుముకు ఏనుగు ఎక్కినా ఏమీ కాదన్నాడు. అందరం ఒకే జవాబు చెప్పాం: పడిపోదు.

అతడు అడిగింది పడిపోతుందా అని కాదు. ఉండలేకపోతున్నాం అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన చోటు ఒక్కటి కూడా మన దగ్గర లేకపోవటమే ఇక్కడి అసలు సమస్య.

బలం వేరు, బిగువు వేరు

కాలువ మీద తాటి దుంగ వేసి దాటటం మనకు అలవాటే. సన్నని, పొడుగైన దుంగ మీద నడిస్తే అది కిందికీ పైకీ ఊగుతుంది. విరగదు. బియ్యపు బస్తా ఎత్తుకుని పోయినా విరగదు. కానీ దాని మీద నడిచే మనిషి గుండె దడదడలాడుతుంది. అదే దుంగ లావుది అయితే, లేదా కాలువ వెడల్పు తక్కువైతే, నడిచినట్టే ఉండదు. రెండు దుంగలకూ మోసే బలం ఉన్నది. ఊగకుండా నిలిచే బిగువు ఒకదానికే ఉన్నది.

మేడ నేల సంగతీ ఇంతే. బీము ఎంత పొడుగు పోతే అంత వంగుతుంది. ఆ వంగుడు పొడుగుతో సమానంగా పెరగదు, విపరీతంగా పెరుగుతుంది. అడుగుకు ఇంతని బరువు అంతే ఉండి, బీము మందమూ అంతే ఉంచి, 10 అడుగుల గదిని 12 అడుగులు చేస్తే వంగుడు రెట్టింపు అవుతుంది. 20 అడుగులు చేస్తే పదహారు రెట్లు. మరో పక్క బీము మందం రెట్టింపు చేస్తే వంగుడు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. "రెండడుగులే కదా, హాలు కాస్త పెద్దది చేయి మేస్త్రీ" అని మనం తేలికగా అనేస్తాం. ఆ రెండడుగుల ఖరీదు ఇది.

ఇదేమీ నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. ఇంగ్లండులో ట్రెడ్‌గోల్డ్ అనే ఇంజనీరు 1828లోనే ఈ మాట రాశాడు. పొడుగాటి దూలాలను లోతుగా, అంటే మందంగా పెట్టకపోతే, గదిలో మనిషి కదిలితే చాలు సామానంతా వణుకుతుందని హెచ్చరించాడు. దాదాపు రెండు వందల ఏళ్లయింది. మన ఊళ్లలో మాత్రం ఇల్లు కట్టేటప్పుడు ఇనుము ఎన్ని క్వింటాళ్లు, సిమెంటు ఎన్ని బస్తాలు అనే లెక్క తప్ప, నేల ఊగుతుందా అనే లెక్క ఎవరూ అడగరు.

ఉయ్యాల ఎందుకు పెరుగుతుంది?

ఉయ్యాలకు ఒక నడక ఉంటుంది. అది వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అదే అదనుకు తోస్తే చిన్నపిల్ల తోసినా ఆకాశానికి లేస్తుంది. అదను తప్పి తోస్తే పహిల్వాను తోసినా ఆగిపోతుంది. ప్రతి నేలకూ, ప్రతి బీముకూ ఇట్లాంటి సొంత నడక ఒకటుంది. సెకనుకు ఇన్నిసార్లు అని అది ఊగుతుంది. కింద యంత్రం కొట్టే దెబ్బ ఆ లెక్కకు కలిసిందంటే చిన్న దెబ్బలే పెద్ద ఊపు అవుతాయి.

గిర్నీలలో సాధారణంగా వాడే నాలుగు పోల్ మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 24. పుల్లీలు, బెల్టు వేసి రాయి వేగాన్ని అందులో మూడో వంతుకు తగ్గించారనుకుందాం. సెకనుకు 8 చుట్లు అవుతుంది. రాయి కాస్త ఒక పక్క బరువైనా, ఇరుసు వంకరైనా, బోల్టు వదులైనా, సెకనుకు 8 దెబ్బలు పునాదికి, పునాది నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి పై నేలకు పోతాయి.

ఇక్కడే అసలు చిక్కు. మనిషి శరీరం కిందికీ పైకీ జరిగే కదలికను అన్నిటికంటే ఎక్కువగా గుర్తుపట్టేది సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగినప్పుడే. ఇళ్లకు, ఆఫీసులకు ఇంజనీర్లు సాధారణంగా పెట్టుకునే హద్దు, భూమ్యాకర్షణ త్వరణంలో రెండు వందల వంతు. సెకనుకు 8 సార్లు ఊగే నేల తన చోటు నుంచి మిల్లీమీటరులో యాభయ్యో వంతు పైకీ కిందికీ జరిగితే చాలు, ఆ హద్దుకు చేరుతుంది. అది మన తలవెంట్రుక మందం కంటే తక్కువ. కంటికి కనిపించదు. పోయి చూసినవారికి ఏమీ తెలియదు. పడుకున్న మనిషికి తెలుస్తుంది. అందుచేత "ఏదీ, ఏం కదలటం లేదే" అన్నవారూ అబద్ధం చెప్పలేదు, "వణుకుతున్నది" అన్న అవ్వా అబద్ధం చెప్పలేదు.

ఇంకొక సంగతి. సంతలో, దుకాణంలో అటూ ఇటూ తిరిగే మనిషి ఇంతకు మూడు రెట్ల కదలికనైనా పట్టించుకోడు. బయట కాలినడక వంతెన మీద నడిచేవాడు పది రెట్లు ఓర్చుకుంటాడు. కూర్చుని చదివేవాడు, పడుకున్నవాడు ఓర్చుకోలేడు. కాబట్టి కింద దుకాణానికి సరిపోయిన కట్టడం పైన కాపురానికి సరిపోతుందని అనుకోరాదు.

పై దేశాల్లో జరిగినవి

ఇవన్నీ పల్లెటూరి మాటలని కొట్టిపారేసేవారికి రెండు సంగతులు చెప్పాలి. లండను నగరంలో థేమ్స్ నది మీద కాలినడకకు కట్టిన మిలీనియం వంతెనను 2000 జూన్ 10న తెరిచారు. జనం ఎక్కగానే అది పక్కలకు ఊగసాగింది. ఊగే కొద్దీ జనం తూలకుండా అడుగు దానికి తగ్గట్టు వేశారు. వారి అడుగులు కలిసేకొద్దీ ఊపు ఇంకా పెరిగింది. రెండు రోజులకే మూసేశారు. వంతెన బలం చాలక కాదు, కూలే ప్రమాదం వచ్చీ కాదు. జనం నడవలేకపోయారు గనుక. ఊపును మింగే యంత్రాలు అమర్చి 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. అక్కడ ఎవరూ "పడిపోదులే, నడవండి" అనలేదు.

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2011 జులై 5న 39 అంతస్తుల మేడ ఒకటి దాదాపు పది నిమిషాలు ఊగింది. జనం భయంతో కిందికి పరుగెత్తారు. భూకంపం రాలేదు. విచారణ చేసిన నిపుణులు తేల్చినదేమిటంటే, 12వ అంతస్తులోని వ్యాయామశాలలో 17 మంది పాటకు తగ్గట్టు ఒక్క తాళాన గంతులు వేశారు. వారి గంతుల లెక్క మేడ సొంత నడకతో కలిసింది. పదిహేడు మంది మనుషులు! మన పెళ్లి ఊరేగింపులో డీజే ముందు ఎగిరేవారి సంఖ్యలో అది ఏపాటి?

మన ఊళ్లలో ఎక్కడెక్కడ?

ఉన్నమాట చెప్పాలి. మన ఊళ్లలో పది, పన్నెండు అడుగుల గదులకు నాలుగైదు అంగుళాల శ్లాబు పోసిన మామూలు ఇంట్లో మనిషి నడిస్తే నేల ఊగదు. శ్లాబు బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. వెనకటి మిద్దెలలోనూ దూలాలు దగ్గర దగ్గరగా వేసి పైన మందంగా మట్టి పరిచేవారు. ఆ మట్టి బరువు ఊపును మింగేది. బిందెలో నీళ్లు తొణకకుండా మన తల్లులు పైన ఆకు వేసి తెచ్చేవారు కదా, అట్లాంటిదే.

చిక్కు వచ్చేది వేరే చోట్ల. కింద గిర్ని, వెల్డింగు షాపు, జనరేటరు పెట్టి పైన కాపురాలకు ఇచ్చినప్పుడు. దుకాణాలకని పెద్ద హాళ్లుగా కట్టిన మేడను ఆ తరువాత బడికి అద్దెకిచ్చినప్పుడు. మొదటి అంతస్తులో ఫంక్షన్ హాలు పెట్టి, మధ్యలో పిల్లర్లు అడ్డమని తీసేయించినప్పుడు. ఇనుప గర్డర్ల మీద రేకు పరిచి పలుచగా కాంక్రీటు పోసి అదనపు అంతస్తు లేపినప్పుడు. బజారు వైపు బాల్కనీని మూడడుగులని మొదలుపెట్టి ఐదడుగులు లాగినప్పుడు. రెండు గోడల మీద ఆనిన బీముకు దాని పొడుగులో ఇరవయ్యో వంతు లోతు ఉంటే, ఒక్క కొసనే పట్టు ఉన్న బాల్కనీకి ఏడో వంతు ఉండాలన్నది మన దేశపు కాంక్రీటు నిబంధనలలోని మూల లెక్క. అంటే ఒకే పొడుగుకు దాదాపు మూడు రెట్లు. పెళ్లి ఊరేగింపు చూడటానికి ఆ బాల్కనీ మీదికే ఇరవై మంది ఎక్కుతారు.

క్వారీల పేలుళ్ల సంగతి మరొకటి. మన జిల్లాలో గ్రానైటు క్వారీలు, బొగ్గు ఓపెన్‌కాస్టులు ఉన్న చోట ఈ బాధ తెలియనివారు లేరు. అక్కడ కనీసం ఒక లెక్క ఉన్నది. గనుల భద్రత డైరెక్టరేటు 1997లో హద్దులు నిర్ణయించింది. గనికి చెందని మామూలు ఇళ్ల దగ్గర నేల కదలిక వేగం, సెకనుకు 8 ఊపుల లోపైతే 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 ఊపుల దాకా 10, ఆపైన 15 మిల్లీమీటర్లు దాటరాదు. నెమ్మది ఊపు ఇంటికి ఎక్కువ చేటు గనుక దానికి హద్దు తక్కువ.

అయితే ఈ హద్దు గోడ పగలకుండా ఉండటానికి. గోడ లోపలి మనిషి కోసం కాదు. ఇంట్లో ఉన్న మనిషికి సెకనుకు 0.3 మిల్లీమీటర్ల కదలికే తెలియవచ్చుననీ, 1 మిల్లీమీటరుకు చేరితే ఫిర్యాదులు వస్తాయనీ బ్రిటను దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. ఒకటి ఎక్కడ, ఐదు ఎక్కడ? మనిషికి బాధ మొదలైన చోటికీ, గోడకు పగులు వచ్చే చోటికీ మధ్య ఇంత దూరం ఉన్నది. ఆ మధ్యలో బతుకుతున్నవారి గోడు అడిగే నాథుడు లేడు. గిర్ని మీది అవ్వ అక్కడే ఉన్నది.

గిర్ని మూయాలా?

ఈ మాట రాస్తే గిర్నీల మీద పగబట్టాననుకుంటారు. గిర్ని లేనిదే ఊరు గడవదు. పిండికి, కారానికి పక్క ఊరికి పోవాలంటే ఆడవారికే కష్టం. గిర్ని పెట్టినాయనా కోటీశ్వరుడు కాదు, బాకీ తెచ్చి పెట్టుకున్నవాడే. మూయమనటం న్యాయం కాదు. మూయనక్కరలేదు కూడా. చేయవలసిన పనులు ఉన్నాయి.

మొదటిది, ఖర్చు లేనిది. యంత్రం బోల్టులు బిగించి ఉన్నాయా, బెల్టు తిన్నగా ఉన్నదా, పుల్లీ వంకర పోయిందా, రాయి ఒక పక్కకు అరిగిందా చూడాలి. తిరిగే వస్తువు ఒక పక్క బరువైతే, వేగం రెట్టింపు చేసినప్పుడు దెబ్బ నాలుగు రెట్లవుతుంది. సగం రోగం ఇక్కడే కుదురుతుంది.

రెండవది, యంత్రాన్ని ఇంటి నేల మీద కూర్చోబెట్టరాదు. దానికి వేరే కాంక్రీటు దిమ్మ కట్టాలి. ఆ దిమ్మకూ ఇంటి పునాదికీ, పిల్లర్లకూ మధ్య సందు వదలాలి. తిరిగే యంత్రమైతే దాని బరువుకు కనీసం మూడు రెట్ల బరువు దిమ్మ ఉండాలన్నది ఇంజనీర్ల మోటు లెక్క. రోకళ్లు లేచి పడే కారం యంత్రానికి ఇంకా ఎక్కువ కావాలి. యంత్రాల పునాదుల కోసమే మన దేశంలో ఐ.ఎస్. 2974 అనే ప్రమాణం ఉన్నది. గిర్ని పెట్టేవారికి దాని పేరైనా చెప్పినవారు లేరు.

మూడవది, యంత్రం కింద రబ్బరు దిమ్మలు. ఇవి యంత్రం బరువుకు, వేగానికి తగినవి కావాలి. చేతికి దొరికిన టైరు ముక్క పెడితే ఒక్కోసారి ఊపు తగ్గకపోగా పెరుగుతుంది. నాలుగవది, పుల్లీ మార్చి వేగాన్ని నేల సొంత నడకకు దూరంగా జరపటం. ఐదవది, వేళలు. రాత్రి పొద్దుపోయాక, తెల్లవారకముందు, పిల్లలకు పరీక్షలున్న రోజుల్లో ఆపటం. ఇది పెద్దమనుషులు కూర్చుని మాట్లాడితే తేలే పని.

ఇంటివారు ఒక సంగతిలో జాగ్రత్త పడాలి. ఊగుతున్నది కదా అని శ్లాబు మధ్యలో సొంతంగా స్తంభం నిలబెట్టరాదు. ఊపు తగ్గవచ్చు గానీ, స్తంభం ఆనిన చోట శ్లాబు పై భాగం లాగబడుతుంది. అక్కడ పైన ఇనుము వేసి ఉండరు. పైనుంచి పగులుతుంది. ఇంజనీరు చూసి చెప్పిన తరువాతే ఏ పనైనా చేయాలి.

ఎవరి ఇంట్లో వారు చూసుకోవచ్చు

పళ్లెం నిండా నీళ్లు పోసి గది మధ్య నేల మీద పెట్టండి. యంత్రం ఆడేటప్పుడు, ఆగినప్పుడు చూడండి. అలలు లేస్తున్నాయా, ఎంతసేపు ఉంటున్నాయి? ఇంకొకటి, ఇంజనీర్లు చేసే పరీక్షే. సుమారు 77 కిలోల మనిషి గది మధ్యలో మునివేళ్ల మీద రెండున్నర అంగుళాలు లేచి, మడమలు ఒక్కసారి దభీమని వేయాలి. పక్కన కూర్చున్నవారికి ఒక్క దెబ్బలా తెలిసి ఆగిపోతే ఆ నేల మంచిదే. దెబ్బ ఆగినా ఊపు కొనసాగుతుంటే ఆ నేలకు బిగువు తక్కువ, ఊపును మింగే గుణమూ తక్కువ. నేటి సెల్‌ఫోన్లలో కదలికను కనిపెట్టే చిన్న పరికరం ఉంటుంది. చదువుకున్న పిల్లలు దానితో కదలికను గీతలుగా చూపగలరు. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఏ రోజు, ఏ గంటకు, ఏ యంత్రం ఆడుతుండగా కదిలిందో కాగితం మీద రాసిపెట్టుకుంటే మాటకు బలం వస్తుంది.

కొన్ని గుర్తులు కనబడితే మాత్రం ఇది సౌకర్యం సంగతి కాదు, ప్రాణం సంగతి. బీము పిల్లరును కలిసే చోట ఏటవాలు పగుళ్లు రావటం, పెచ్చులూడి తుప్పు పట్టిన ఇనుము బయటపడటం, నిన్నటిదాకా పట్టిన తలుపు నేడు పట్టకపోవటం, ఉన్నట్టుండి ఊపు మునుపటికంటే పెరగటం. పగులు మీద చిన్న సిమెంటు పట్టీ వేసి తేదీ రాసి పెట్టండి. అది చిట్లితే పగులు పెరుగుతున్నట్టే. ఇటువంటప్పుడు యంత్రం ఆపించి, మనుషులను దించి, ఇంజనీరును పిలవాలి. "పడిపోదు" అన్నమాట నమ్మి కూర్చోరాదు.

అడగవలసింది ఇంతే

మన దేశంలో నిబంధనలు లేకపోలేదు. ఉక్కు కట్టడాలకు సంబంధించిన ఐ.ఎస్. 800 నిబంధనావళిని 2007లో సవరించినప్పుడు నేల కదలిక గురించి ప్రత్యేకంగా ఒక అనుబంధమే చేర్చారు. కాగితం మీద ఉన్నది. కార్యదర్శి బల్ల మీది దరఖాస్తు దాకా రాలేదు. మేడకు అనుమతి అడిగేటప్పుడు స్థలం ఎంత, ఎత్తు ఎంత, రోడ్డుకు ఎంత వదిలారు అని అడుగుతారు. కింద ఏ యంత్రం పెడతారు, పైన ఎవరుంటారు అని కూడా అడిగితే ఏం పోతుంది? యంత్రం ఉన్న చోట వేరే దిమ్మ చూపితేనే అనుమతి ఇస్తే ఏం నష్టం? కట్టేటప్పుడు దిమ్మ వేరు చేయటం చిన్న ఖర్చు. కట్టాక వేరు చేయాలంటే నేల తవ్వాలి.

మేడ మీద బడి, ఫంక్షన్ హాలు పెట్టేవారి నుంచి కూడా ఇంజనీరు పరీక్ష కాగితం అడగాలి. పిల్లలు గంట కొట్టగానే ఒక్కసారి పరుగెత్తుతారు. పెళ్లివారు ఒక్క తాళాన ఎగురుతారు. బరువు మోయగలదా అని అడిగితే చాలదు, ఆ తాళానికి ఊగుతుందా అని కూడా అడగాలి. మండల ఇంజనీర్లు నెలకొక రోజు ఇట్లాంటి ఫిర్యాదులు చూడటానికి కేటాయించినా ఎంతో మేలు. మేస్త్రీలకు శిక్షణ ఇచ్చే చోట ఇనుము కట్టటంతో పాటు ఈ తాటి దుంగ లెక్క కూడా చెప్పాలి.

మనలోనూ మార్పు రావాలి. ఇల్లు వణుకుతున్నదని చెప్పినవారిని మనం భయస్థులుగా, చాదస్తులుగా చూస్తాం. నిద్ర చెడి చిరాకు పడితే కోడలి గుణం అంటాం. పిల్లవాడు పుస్తకం ముందు నిలవకపోతే వాడి బుద్ధి అంటాం. నేల సంగతి అడగం. పత్రికలకు రాసే మేమూ అంతే. కూలిన తరువాత ఫోటో తీస్తాం. కూలకముందు అక్కడ బతికినవారి సంగతి రాయం.

ఈ మాటలు రాసేనాటికి మా ఊరి గిర్ని యజమాని బోల్టులు బిగించి, బెల్టు మార్పించాడు. ఊపు కొంత తగ్గిందని పైవారు చెబుతున్నారు. రోకళ్ల యంత్రానికి వేరే దిమ్మ కట్టే పని మాత్రం మిగిలే ఉన్నది. మిర్చి కల్లాలకు వచ్చేలోగా అది పూర్తి చేయాలని పెద్దమనుషులు ఆయనకు చెప్పారు. పంచాయతీ కూడా పట్టించుకుంటే పని త్వరగా అవుతుంది.

భూమి ఎప్పుడు కదులుతుందో ఎవరి చేతిలోనూ లేదు. మళ్లీ కదిలిన రోజున ఆ అవ్వ కూడా ఊరందరితో పాటు మేడ దిగి బజారుకు రావాలి. ఆ తేడా ఆమెకు తెలియాలంటే, మిగతా రోజుల్లో ఆమె ఇంటి నేల కదలకుండా ఉండాలి. అధికారులు, పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి.